ఫోటోకు వాల్డోరా, వాడకానికి వాయువేగ

రాష్ట్ర క్రీడోత్సాహ మండలి చైర్మన్ మాన్యశ్రీ మునిచంద్ర గారు తిరుపతిని ప్రపంచ సైక్లింగ్ పటంలో పెట్టబోతున్నట్టు మొన్న వేసవిలో ప్రకటించారు. ప్రకటించిన సందర్భం మా వీధి చివర మజ్జిగ చలివేంద్రం ప్రారంభోత్సవం. మజ్జిగకూ సైక్లింగ్‌కూ ఏమిటి సంబంధమని వెనక బెంచీలో ఎవరో గొణిగారు. సంబంధం ఉన్న విషయాలు ఎవరైనా మాట్లాడతారు. లేనివి మాట్లాడి చప్పట్లు కొట్టించుకోవాలంటే మునిచంద్ర గారే రావాలి.

నేను ఆ వేదిక పక్కనే ఉన్నాను. ఉండక తప్పదు, ఫ్లెక్సీ నాది. ఆయన ఫ్లెక్సీలన్నీ ఏళ్ల తరబడి నా షాపులోనే ప్రింటవుతున్నాయి. ఆయన ప్రస్తుతం ఏ పార్టీలో ఉన్నారో తెలుసుకోవాలంటే పేపరు చదవక్కర్లేదు, నా షాపుకొచ్చి ఏ రంగు ఇంకు అయిపోయిందో చూస్తే చాలు.

ఆ రోజు లోహిత అనే అమ్మాయిని వేదిక మీదికి పిలిచారు. పలమనేరు పిల్ల. పొట్టిగా, సన్నగా ఉంటుంది. వాళ్లమ్మ కుప్పమ్మ ఆవుల్ని మేపి పాలు పోస్తుంది. లోహిత సైకిలు పందెంలో జిల్లా ఫస్టు వచ్చింది, అదీ ఎరవు సైకిలు మీద. ఆ సైకిలు ఎరవిచ్చిన అక్కకు పూణేలో ఉద్యోగం రావడంతో మనిషీ సైకిలూ కలిసే వెళ్లిపోయారు. ఇక రెండు నెలల్లో చిత్తూరులో రాష్ట్ర జట్టు సెలక్షన్లు. రోడ్ బైక్ లేనివాళ్లను అక్కడ గీత దగ్గరికి కూడా రానివ్వరు. వయసు లెక్కన లోహితకు ఇదే ఆఖరి అవకాశం.

ఇదంతా కుప్పమ్మ చెబుతుంటే మునిచంద్ర గారి కళ్లు చెమర్చాయి. కళ్లు చెమర్చగానే చెయ్యి మైకు మీదికి పోవడం ఆయనకు అలవాటు.

"ఈ బిడ్డ నా బిడ్డ! ఈ బిడ్డకు రోడ్ బైక్ నేనిస్తా. సెలక్షన్ లోపలే ఇస్తా. ఇయ్యకపోతే నన్ను మునిచంద్రా అని పిలవొద్దండి!"

జనం మజ్జిగ గ్లాసులు కింద పెట్టి మరీ చప్పట్లు కొట్టారు.

రోడ్ బైక్ అంటే మోటారు బండి కాదు, పందెం సైకిలే. బొటనవేలంత టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, ఒంటిచేత్తో ఎత్తగలిగే బరువు. అయితే దాన్ని సైకిలు అనకూడదని పీఏ ఢిల్లీబాబు ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేశాడు.

"ఫ్లెక్సీలో యాడా సైకిల్ అనే మాట రాగూడదప్పా. మన రాష్ట్రంలో ఆ మాటంటే రాజకీయమైపోతాది. రోడ్ బైక్ అని ఎయ్యి."

క్రీడల్లోకి రాజకీయాలు రాకుండా ఆయన పడే జాగ్రత్త నాకు ముచ్చటేసింది. అలాగే వేశాను.

చిక్కల్లా ఎక్కడ వచ్చిందంటే, మార్కెట్లో రోడ్ బైకులు రెండు రకాలు. వాయువేగ అని ఒకటి. సగం ధర, గేర్లూ బ్రేకులూ పెద్ద కంపెనీలవే, అట్టపెట్టెలో ఇంటికొస్తుంది, స్పానరు పట్టుకుని మనమే బిగించుకోవాలి. వాల్డోరా అని రెండోది. పేరున్న బ్రాండు. బెంగళూరులో ఏసీ షోరూం, పోగానే కాఫీ, మనిషి కొలతలు తీసుకుని సీటు అమర్చి ఇస్తారు, చెడిపోతే వాళ్లే చూస్తారు.

లోహితను అడిగితే అక్కడికక్కడే తేలిపోయేది. అడక్కపోయినా ఆ పిల్ల చెప్పింది. "ఏదైనా పరవాలేదు సార్. నా సైజుది అయితే సాలు."

ఇంత చిన్న జవాబు మునిచంద్ర గారి స్థాయికి సరిపోలేదు.

"వాయువేగ ఇస్తే చౌకరకం అంటగట్టినాడంటారు. వాల్డోరా ఇస్తే జనం సొమ్ము దుబారా సేసినాడంటారు. ఎట్లప్పా?" అని ఆయన తల పట్టుకున్నారు.

"కమిటీ ఏద్దాం సార్," అన్నాడు ఢిల్లీబాబు.

కమిటీ పడింది. అధ్యక్షుడు ప్రేమానందం గారు, రిటైరైన బస్సు డిపో మేనేజరు. చక్రాలతో జీవితకాల అనుబంధం. ఒక సభ్యుడు గాంధీ రోడ్డు నగల షాపు యజమాని, ముద్ర ఉన్న సరుకుకూ లేని సరుకుకూ తేడా తెలిసినవాడు. రెండో సభ్యుణ్ణి నేను. రోజూ షాపుకు సైకిలు మీద వెళ్తాను కాబట్టి నన్ను వేశారు. ముగ్గురిలో సైకిలు తొక్కేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నాకు ఓటు హక్కు ఇవ్వలేదు. స్వప్రయోజనాలు అడ్డొస్తాయట.

మొదటి సమావేశంలో రెండు బ్రాండ్ల బొమ్మలు బల్ల మీద పరిచారు.

"స్టెప్నీ యాడుండాది?" అన్నారు ప్రేమానందం గారు.

"ఉండదు సార్."

"రెండిట్లోనూ?"

"రెండిట్లోనూ."

"అయితే సమానమే. రాసుకో."

నగల షాపాయన కళ్లద్దాలు సవరించుకున్నాడు. "ఇందులో తరుగెంత పోతాది?"

"ఇందులో తరుగుండదన్నా. కార్బన్."

"కార్బనంటే బొగ్గు గదప్పా! బొగ్గుకు ఇంత ధరా?"

"వజ్రం గూడా బొగ్గే గదా," అన్నారు ప్రేమానందం గారు. నగల షాపాయన తన వేలి ఉంగరం వంక అనుమానంగా చూసుకున్నాడు. సమావేశం విజయవంతంగా ముగిసింది.

తర్వాత అధ్యయన యాత్ర. ఢిల్లీబాబుతో కలిసి రెండు కార్లలో బెంగళూరు బయలుదేరాం. దారిలో పలమనేరులో ఆగి ఇడ్లీ, వడ తిన్నాం. హోటల్ ఎదుటి సందులోనే లోహిత ఇల్లు. వెళ్లి కొలత తీసుకుందామా అన్నాను. కమిటీ లబ్ధిదారుల ఇంటికి పోతే నిష్పాక్షికత దెబ్బతింటుందని ప్రేమానందం గారు చట్నీ కలుపుకుంటూ చెప్పారు.

షోరూంలో అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చి అడిగింది. "తొక్కేవారి ఎత్తు ఎంత సార్?"

కమిటీ ఫైల్లో అదొక్కటి తప్ప అన్నీ ఉన్నాయి. ఢిల్లీబాబు వెంటనే మునిచంద్ర గారికి ఫోన్ కలిపాడు. ఆయన మనిషి గొప్పవాడే గానీ పొడుగు తక్కువ. సెలూన్లో పిల్లలకోసం వేసే పలక ఆయన కుర్చీ మీద ఇప్పటికీ వేస్తారని అంటారు. ఫోన్లో ఆదేశం స్పష్టంగా వచ్చింది.

"ఉండేదాంట్లో అన్నిటికంటే చిన్న సైజు సూడండప్పా. నేను పక్కన నిలబడితే బండి నా నడుం దాటగూడదు. ఫోటోలో మనిషి ఎత్తుగా కనపడాల."

ఆ మాటే రాసుకొచ్చాం. ఈలోగా వారాలు గడుస్తున్నాయి. లోహిత నాకు ఫోన్ చేసేది. పాలక్యాన్లు కట్టిన పాత ఇనుప సైకిలు మీదే మొగిలి ఘాటు ఎక్కి దిగుతున్నానని, ఒంట్లో బలం వస్తోంది గానీ గేర్లు మార్చడం చెయ్యి మర్చిపోతోందని చెప్పేది. "ఇంకా తేలలేదా అన్నా?" అనేది చివర్న. చర్చ లోతుగా సాగుతోందమ్మా అని చెప్పేవాణ్ణి.

కమిటీ నివేదిక వచ్చింది. వాయువేగ మంచిదే, వాల్డోరా కూడా మంచిదే, ఒకదాన్ని ఎంచుకుని రెండోదాని మనోభావాలు గాయపరచరాదు అని సారాంశం. మునిచంద్ర గారు దాన్ని చదివి, కళ్లు మూసుకుని, తెరిచి, చరిత్రలో నిలిచిపోయే పరిష్కారం చెప్పారు.

"ఫోటోకు వాల్డోరా, వాడకానికి వాయువేగ."

మేం అర్థం కానట్టు చూస్తే ఢిల్లీబాబు విడమర్చాడు. షోరూం వాళ్ల దగ్గర చిన్న సైజు వాల్డోరా ఒకటి ఒక్కరోజుకు అడిగి తెస్తారు. సెలక్షన్ల ముందురోజు అలిపిరిలో పూజ, ఫోటో, టీవీ. సాయంత్రానికి బండి వెనక్కి బెంగళూరుకు. లోహితకు తర్వాత వాయువేగ తెప్పిస్తారు.

"మర్నాడే గదా సార్ సెలక్షన్లు?" అన్నాను.

"ఆన్‌లైన్‌లో ఆర్డరేస్తే వస్తాది లేప్పా," అన్నారు మునిచంద్ర గారు.

"ఎప్పటికొస్తుంది?"

"వచ్చినప్పటికి."

పారదర్శకత అంటే మునిచంద్ర గారికి ప్రాణం. అందుకని ఈ నిర్ణయాన్ని లోహితకు నేనే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవుల అరుపుల మధ్య నుంచి ఆమె గొంతు వినపడింది.

"సాయంత్రం దాకా ఉంటాదా అన్నా బండి?"

"ఉంటుంది."

"సైజు?"

"అన్నిటికంటే చిన్నది."

"సరే అన్నా," అంది.

తిరుపతిలో కొత్త బండి కొంటే అలిపిరిలో పూజ చేయించందే ఎవరూ రోడ్డెక్కరు. మునిచంద్ర గారు ఆచారాలకు కట్టుబడిన మనిషి, ఒక్కరోజు బండికైనా పూజ పూజే. వేదిక, షామియానా, నా ఫ్లెక్సీలు, జెండాలు కట్టిన కార్యకర్తల మోటారు బైకులు, టీవీ లైవు. మధ్యలో ఎర్రటి వాల్డోరా. మునిచంద్ర గారు పక్కన నిలబడ్డారు. బండి ఆయన నడుం దాటలేదు. ఆయన అంత ఎత్తుగా కనిపించడం నా జీవితంలో చూళ్లేదు.

లోహిత బూట్లేసుకుని, హెల్మెట్ పెట్టుకుని వచ్చింది. ఫోటోకు బాగుంటుందని ఢిల్లీబాబు మెచ్చుకున్నాడు. ఆమె వీపుకు చిన్న సంచీ ఉంది. అందులో ఏముందని ఎవరూ అడగలేదు.

అయ్యవారు హ్యాండిలుకు పసుపు కుంకుమ పెట్టి, పూలదండ వేసి, హారతిచ్చి, రెండు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు. నిమ్మకాయ టైరు కన్నా లావుగా ఉంది. చిన్నవి ఏరి మళ్లీ పెట్టారు.

"యజమాని బండెక్కి నిమ్మకాయలు తొక్కించాలి," అన్నారు అయ్యవారు.

అందరి చూపూ మునిచంద్ర గారి మీదికి పోయింది. ఆయన పొట్టేలు కొమ్ముల వంక చూశారు, సన్నటి సీటు వంక చూశారు, మైకందుకున్నారు. "ఇది ఆడబిడ్డ చేతుల మీదుగా జరగాల! అదే మహిళా సాధికారత!"

లోహిత బండెక్కింది. సీటు, హ్యాండిలు, కాళ్లు, అన్నీ కుట్టించుకున్న రవికలా సరిపోయాయి. కుప్పమ్మ ముందుకొచ్చి కూతురి భుజం మీద చెయ్యి వేసింది.

"నిమ్మకాయ తొక్కినాక బండి వెనక్కి తిప్పగూడదు పాపా. ముందరికే పో."

"అదే శాస్త్రం," అన్నారు అయ్యవారు.

శాస్త్రం పేరెత్తగానే మునిచంద్ర గారు టీవీ వైపు తిరిగారు. "విన్నారా! మన సంప్రదాయం ఎంత గొప్పదో! ముందుకే పో తల్లీ! వెనక్కి తిరిగి సూడొద్దు!"

నిమ్మకాయలు పగిలాయి. లోహిత ముందుకు పోయింది.

అందరూ చప్పట్లు కొట్టారు. గరుడ విగ్రహం దాకా పోయి వస్తుందనుకున్నాం. గరుడ విగ్రహం దగ్గర ఆమె గేరు మార్చింది. చెయ్యి ఏమీ మర్చిపోలేదు.

"యాడికి పోతాండాది?" అన్నాడు ఢిల్లీబాబు. "ఓ పాపా! ఆగు! రేయ్, పొండ్రా దానెంట!"

ఆ కేక విన్న కార్యకర్తలు ర్యాలీ మొదలైందనుకున్నారు. వాళ్లకు ఎవరో ఒకరి వెంట పోవడం తెలిసిన పని. ఒక్కసారిగా బైకులు స్టార్టు చేసి, "ముందుకే! ముందుకే!" అని నినాదాలిస్తూ ఆమె వెనక బారులు తీరారు. ఢిల్లీబాబు కారు ఆ బైకుల మధ్య ఇరుక్కుపోయింది. ర్యాలీ కాబట్టి పోలీసులు కూడళ్లలో ట్రాఫిక్ ఆపి దారిచ్చారు. మునిచంద్ర గారు లైవులో ఉన్నారు కాబట్టి చెయ్యి ఊపుతూనే ఉన్నారు.

ఢిల్లీబాబు కారు దిగి షామియానా కిందికి తిరిగొచ్చి ఒక కార్యకర్తకు ఫోన్ చేశాడు. హారన్ల మోతలో జవాబు నాకూ వినిపించింది. "ర్యాలీ అదిరిపోతాండాదన్నా! చంద్రగిరి కాడికొచ్చినాము!"

"ఆపండ్రా ఆ పిల్లని!"

"ఆపేదే లేదన్నా! సారు ముందుకే పొమ్మన్నాడు గదా!"

చంద్రగిరిలో బిర్యానీ పొట్లాలు ఇస్తున్నారని ఎవరో చెప్పడంతో కార్యకర్తలు ఆగారు. లోహిత ఆగలేదు. ఆమె సంచిలో సద్ది ఉంది.

షామియానా కింద కుప్పమ్మ ప్రసాదం కొబ్బరి చిప్పను కొంగున కట్టుకుంటోంది. బిడ్డ ఎప్పుడొస్తుందని మునిచంద్ర గారు ఆమెను గద్దించారు. "సెలక్షన్ అయినాక వస్తాది సార్. మీ దయ," అని ఆమె చేతులు జోడించి దండం పెట్టింది.

మర్నాడు చిత్తూరులో లోహిత గీత దగ్గర నిలబడింది. రాష్ట్ర జట్టులోకి వచ్చింది. ఆ సాయంత్రం నేను షాపులో ఎవరూ లేనిది చూసి నా సైకిలు బెల్లు చాలాసేపు మోగించాను. ఆ రోజు పొద్దున్నే పేపర్లో మొదటి పేజీలో ఫోటో పడింది. "మాట నిలుపుకున్న మునిచంద్ర. పేదింటి బిడ్డకు ఖరీదైన వాల్డోరా బహూకరణ." ఫోటోలో ఆయన నిజంగానే ఎత్తుగా ఉన్నారు.

పేపరు వచ్చిన కాసేపటికే బెంగళూరు షోరూం మనిషీ వచ్చాడు. బండేదన్నాడు. ఢిల్లీబాబు అతన్ని వెంటబెట్టుకుని పోలీస్ స్టేషనుకు పోతూ, పూజ దగ్గర ఉన్నవాణ్ణి, సాక్ష్యానికి పనికొస్తానని నన్నూ లాక్కుపోయాడు.

"బండి పోయినాది. కంప్లైంటు రాసుకోండి," అన్నాడు.

ఎస్సై పెన్ను తీశాడు. "దొంగ పేరు?"

"లోహిత. పలమనేరు."

ఎస్సై బల్ల మీద పేపరు ఇటు తిప్పి ఫోటో చూపించాడు. "ఈ పిల్లేనా?"

"ఆ పిల్లే."

"పక్కనుండేది ఎవరు సార్?"

ఢిల్లీబాబు బయటికొచ్చి మునిచంద్ర గారికి ఫోన్ చేశాడు. "సార్, షోరూం వాళ్లకు ఒక వాయువేగ ఆర్డరేసి పంపిద్దామా?" అటునుంచి ఏం జవాబొచ్చిందో నాకు వినపడలేదు గానీ, ఢిల్లీబాబు ఫోను చెవికి కాస్త దూరంగా పట్టుకున్నాడు.

నిన్న నాకు కొత్త ఫ్లెక్సీ ఆర్డరు వచ్చింది. వచ్చే వారం అలిపిరిలోనే మునిచంద్ర గారి చేతుల మీదుగా నిరుద్యోగ యువకులకు ఆటోల పంపిణీ. మ్యాటరంతా చెప్పాక ఢిల్లీబాబు గొంతు తగ్గించాడు.

"ఈతూరి పూజలో నిమ్మకాయలుండవప్పా."

"సరే."

"ఆటోల్లో డీజిలు గూడా ఉండదు. అది మాత్రం ఫ్లెక్సీలో ఎయ్యొద్దు."