వీరేందరన్న సబ్‌డొమైన్

శంషాబాద్‌లో ఇకమీదట సమస్య అనేది మిగలబోదని మా వీరేందరన్న కిందటి నెల మొదటి ఆదివారం పొద్దున పదిన్నరకు ప్రకటించారు. ఎయిర్‌పోర్టు రోడ్డు మీది ఒక హోటల్ హాల్లో, ముగ్గురు విలేకరుల సమక్షంలో ఈ చారిత్రక ఘట్టం జరిగింది.

"ప్రజల గోడు ఇగ ఆఫీసుల చుట్టు తిరగదు. ఆన్‌లైన్‌ల తిరుగుతది. మన వార్డుకు వరల్డ్ క్లాస్ వెబ్‌సైట్ వస్తున్నది!"

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. ఆ వెబ్‌సైట్ తయారుచేయాల్సింది నేనేనని అప్పటికి నాకు తెలియదు.

నా పేరు నరేందర్. ఏడో తరగతిలో నేనూ వీరేందరన్నా ఒకే బెంచీ. వయసులో ఆయన నాకన్నా నాలుగు నెలలు చిన్న. వార్డు టికెట్‌కు ఆయన పేరు వినబడుతున్నప్పటి నుంచి నేను అన్నా అంటున్నాను, ఆయన అభ్యంతరపెట్టలేదు. నాకూ నా భార్య మంజులకూ ఉన్న ఆధారమల్లా సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే ఒక లారీ, దాని డ్రైవర్ చెన్నయ్య, దానికొక చిన్న వెబ్‌సైట్. అందులో పేరూ అడ్రసూ నింపితే మంజుల ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. గంటలో లారీ వెళ్తుంది. మా వార్డులో వెబ్‌సైట్ ఉన్న మనిషిని నేనొక్కడినే కాబట్టి ఐటీ నిపుణుడిని కూడా నేనే.

"కొత్త పేరు కొని, కొత్త హోస్టింగ్ తీసుకుందామన్నా" అన్నాను.

"నీది ఉండంగ కొత్తదెందుకు రా?"

"నాది షేర్డ్ హోస్టింగన్నా, దాంట్లనే సబ్‌డొమైన్ ఇయ్యొచ్చు. అంటే మా ఇంట్ల నీకొక అర్ర ఇచ్చినట్టు."

"సబ్ అంటే ఏంది? కిందిదా?"

"సబ్ ఇన్‌స్పెక్టర్ల గూడ సబ్ ఉంటది గదన్నా."

అన్న శాంతించారు. "షేర్డ్ హోస్టింగ్ అంటివి. ఎవరితోని షేరింగ్?"

"ఒక్క కంప్యూటర్ల వందమంది కిరాయికి ఉంటరన్నా. ఎవరో తెల్వదు."

"అండ్ల అవతలి పార్టోళ్లు లేకుండ చూడు."

చిక్కంతా అడ్రసు దగ్గర వచ్చింది. కాగితం మీద రాసి చూపించాను: వీరేందర్ అనే పేరు తర్వాత చుక్క, చుక్క తర్వాత మంజుల సెప్టిక్ ట్యాంక్ క్లీనింగ్. అన్న ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. చివరికి ఫ్లెక్సీల మీద అడ్రసు వేయకూడదనీ, క్యూఆర్ కోడ్ ఒక్కటే వేయాలనీ నిర్ణయించారు. సాంకేతిక పరిజ్ఞానం ఉన్న నాయకుడు అలాగే ఆలోచిస్తాడు.

వెబ్‌సైట్‌లో ఏముండాలని అడిగితే పద్నాలుగు ఫోటోలు పంపారు. అన్న ఎయిర్‌పోర్టు ముందు నిలబడి ఆకాశంలోకి చూస్తున్నది, అన్న కళ్లద్దాలు తుడుస్తున్నది, అన్న ఫోన్‌లో సమస్య వింటున్నది. వీటన్నిటి కింద, ప్రజలు సమస్య రాసుకోవడానికి ఒక చిన్న డబ్బా.

రెండో ఆదివారం ప్రారంభోత్సవంలో ల్యాప్‌టాప్‌కు రిబ్బన్ కట్టి కత్తిరించారు. హాల్లో సిగ్నల్ లేదు కనుక ల్యాప్‌టాప్‌లో దాచుకున్న పేజీనే అందరికీ చూపించాను. అదే రోజు వార్డంతా నలభై ఫ్లెక్సీలు లేచాయి.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. సబ్‌డొమైన్ తెరిచేటప్పుడు అది ఏ ఫోల్డర్‌ను చూపించాలో ఒక గడిలో రాయాలి. హడావిడిలో నేను ఆ గడిని ముట్టుకోలేదు. దాంతో అన్న క్యూఆర్ కోడ్ ఎవరు స్కాన్ చేసినా నేరుగా మా లారీ పేజీయే తెరుచుకుంది.

మొదట స్కాన్ చేసింది మా వార్డులోని శివమ్మ కోడలు. వాళ్ల గల్లీలో డ్రైనేజీ పొంగి మూడు నెలలు. పేరూ అడ్రసూ నింపింది. మంజుల ఫోన్ మోగింది. చెన్నయ్య లారీ వేసుకుపోయి, పైపు దింపి, గంటలో గల్లీ ఆరబెట్టి, కిరాయి తీసుకుని వచ్చాడు.

శివమ్మ కళ్లనీళ్లు పెట్టుకుందట. "పైసలు తీస్కున్నోళ్లను మస్తుమందిని చూసిన. తీస్కొని పని జేసినోన్ని గిప్పుడే చూస్తున్న. వీరేందర్ సల్లగుండాలె."

వారంలో అరవై మూడు ఇళ్లు. చెన్నయ్య అన్నం లారీలోనే తిన్నాడు. మంజుల మాత్రం, మా వెబ్‌సైట్‌కు ఇన్నాళ్లకు మంచిరోజులొచ్చాయని మురిసిపోయింది. 'వార్డు కష్టాలను పీల్చేసిన యువనేత' అని పేపర్లో వచ్చింది. "ప్రతి ఫిర్యాదు నేనే సొంతంగ చదువుత" అని అన్న అందులో చెప్పారు.

శనివారం మంజుల నన్ను అడిగింది. "అందరు వీరేందరన్న పంపిండా అని అడుగుతున్నరట చెన్నయ్యను. ఏంది కథ?"

ఫ్లెక్సీ దగ్గరికి పోయి స్కాన్ చేశాను. మా లారీ కనబడింది. అత్తాపూర్‌లో ఉన్న అన్న ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పేశాను. అన్న మొట్టమొదటిసారి తన వెబ్‌సైట్ తెరిచారు.

"నా ఫోటో ఏది?"

"గదే చెప్తున్నన్నా. తప్పు ఫోల్డర్..."

"ఆరు దినాల సంది నా ఫోటో లేకుండ నడుస్తున్నదా?"

"నడుస్తున్నది గదన్నా. అరవై మూడు పనులైనయి. గిట్లనే ఉంచుదాం, కింద నీ ఫోటో ఒకటి పెడత."

"కిందనా?" అన్నారు అన్న. "ఒకే బెంచీల కూసున్నోనివి. నువ్వే గిట్ల చేస్తే ఎట్ల రా?"

నాకు బాధేసింది. ఇంటికొచ్చి రెండు నిమిషాల్లో గడి సరిచేశాను. అన్న పద్నాలుగు భంగిమల్లో వెలిశారు.

ఒక్కో ఫోటో గోడంత సైజు. సర్వర్‌లో మా వాటా చిన్నది. జనం స్కాన్ చేస్తే అన్న నుదురు వచ్చేసరికి ఒక నిమిషం, కనుబొమలు వచ్చేసరికి ఇంకో నిమిషం. అన్న గడ్డం చూసినవాళ్లు వార్డులో లేరు. దాని కింద ఉన్న డబ్బా దాకా ఎవరూ చేరలేదు. అంతకన్నా ఘోరం, అదే వాటాలో ఉన్న మా లారీ పేజీ కూడా తెరుచుకోవడం మానేసింది. మంజుల ఫోన్ మూగబోయింది. చెన్నయ్య నాలుగు రోజులు లారీ నీడలో కూర్చున్నాడు.

"నీ దోస్తుకు అర్ర ఇచ్చినవు. ఇప్పుడు మనమే బయట పడ్డం" అంది మంజుల. నల్ల మార్కర్ తీసుకుని చెన్నయ్యతో లారీ ఎక్కింది. సాయంత్రానికి నలభై ఫ్లెక్సీల మీదా, అన్న మొహానికి కొంచెం కింద, ఆమె ఫోన్ నంబరు పడింది. అన్న కార్యకర్తలు దాన్ని అన్న నంబరే అనుకున్నారు.

నాలుగో ఆదివారం టికెట్ విషయం తేల్చడానికి పార్టీ పరిశీలకురాలు తారాబాయి గారు వచ్చారు. హిమాయత్ సాగర్ దగ్గరి ఒక గెస్ట్‌హౌస్‌లో దిగి, ఫ్లెక్సీలన్నీ చూసుకుంటూ అన్న ఆఫీసుకు వచ్చి, లెక్కలు అడిగారు. నేను కాగితం ఇచ్చాను.

"మొదటి వారం అరవై మూడు ఫిర్యాదులు. రెండో వారం?"

"సున్నా, మేడం" అన్నాను.

అన్న మొహం పాలిపోయింది. తారాబాయి గారు లేచి నిలబడ్డారు.

"వారం రోజులల్ల అరవై మూడు నుంచి సున్నాకు దించినవా వీరేందర్? నా ముప్పై ఏండ్ల రాజకీయంల గిసొంటిది చూడలే!"

టికెట్ ఖాయమైంది. బయట టపాసులు పేలాయి. అన్న నన్ను కౌగిలించుకున్నారు. తారాబాయి గారు నన్ను పక్కకు పిలిచి, జిల్లా అంతటికీ ఇలాంటివే చేసిపెట్టాలని, ఫోటోలు ఇంకా పెద్దవి పెట్టాలని ఆదేశించారు.

ఇంటికొచ్చి మంజులకు ఇదంతా చెబుతుండగానే ఆమె ఫోన్ మోగింది. స్పీకర్‌లో పెట్టింది.

"సెప్టిక్ ట్యాంక్ అమ్మేనా? నేను తారాబాయిని. ఫ్లెక్సీ మీది నంబర్ లారీదేనని ఈడి వాచ్‌మన్ చెప్పిండు. గెస్ట్‌హౌస్‌ల బాత్రూంలన్ని పొంగినయి. జర జల్దీ లారీ పంపు."

మంజుల నా వైపు చూసి, ఎంతో మర్యాదగా అడిగింది. "వెబ్‌సైట్ల రాస్తే అయిపోతుండె గద మేడం?"

"వెబ్‌సైట్ పబ్లిక్ కోసం అమ్మా" అన్నారు తారాబాయి గారు. "మాకు పని గావాలె."