వార్నింగులు మింగుతున్నదెవరు?

నేరం ఎంత లోతున దాక్కున్నా సరే, దాని వాసన ముందుగా పసిగట్టే ముక్కు ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. ఆ ముక్కు గురువారం ఉదయం బీరంగూడలో స్టీలు సామాన్ల దుకాణం పక్కనున్న మెట్లెక్కుతూ ఏడుసార్లు తుమ్మింది. ముక్కు యజమాని పేరు హరినాథ్. పై అంతస్తులోని చిన్న యాప్ కంపెనీలో టెస్టర్ ఉద్యోగం. డిటెక్టివ్‌గా మాత్రం ఎవరూ అడక్కుండానే పనిచేస్తాడు. తన తెలివి మీద అతనికి అపారమైన నమ్మకం. ఆ నమ్మకాన్ని రుజువులు అడిగి ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు.

"యామినీ! ఈ రోజు పదకొండు గంటలకు హంతకుడి ముసుగు తొలగిపోతుంది!" అని లోపలికి వస్తూనే ప్రకటించాడు.

"ఎవలు సచ్చిన్రన్నా?" అంది యామిని స్క్రీను మీంచి తల ఎత్తకుండా.

"వార్నింగులు! నూట డెబ్బై ఒక్క వార్నింగులు!"

యామిని నిట్టూర్చింది. ఆమెకు నవ్వే ఓపిక లేదు. సుల్తాన్‌పూర్‌లోని ఒక వైద్య పరికరాల ఫ్యాక్టరీకి ఈ కంపెనీ బస్సు యాప్ చేసి ఇచ్చింది. బస్సు ఎక్కడుందో షిఫ్టుకు వెళ్లేవాళ్లు ఫోన్లో చూసుకుని బయల్దేరాలి. పోయిన శుక్రవారం చిట్కుల్‌లో పుష్ప అనే ఆమె, మరో పన్నెండు మంది ‘బస్సు ఇంకా రాలేదు’ అన్న యాప్‌ను నమ్మి ఇళ్లలోనే కూర్చున్నారు. బస్సు అప్పటికే వెళ్లిపోయింది. అందరికీ ఆబ్సెంట్ పడింది. ఆ యాప్ కోడ్ రాసింది యామిని. ఈ రోజు పదకొండు గంటలకు ఫ్యాక్టరీ తరఫున తేజస్విని మేడమ్ వస్తోంది. ఆలోగా తప్పెక్కడుందో చూపించకపోతే యామిని ఉద్యోగం పోతుంది. పోతే సంగారెడ్డిలో నాన్న రంగయ్య పప్పుల దుకాణంలో కూర్చోవాల్సిందే. ఆయన ఇప్పటికే ఒక కుర్చీ కొని సిద్ధంగా ఉంచాడు.

తప్పు దొరకడానికే కంపెనీ యజమాని నరసరాజు సోమవారం నాడు హరినాథ్‌కు ఒక పని అప్పగించారు. కోడ్‌ను నడపకుండానే చదివి, ఎక్కడ దెబ్బతింటుందో వార్నింగులతో చెప్పే టూల్స్ మూడున్నాయి. మూడింటినీ పోల్చి ఒకటి ఎంచాలి. బుద్ధిగా కూర్చుంటే ఒక పూట పని. హరినాథ్ కూర్చున్నాడు కాబట్టి నాలుగో రోజుకి చేరింది.

మొదటిది లింటర్. ఖాళీ ఒకటి ఎక్కువైనా, పేరు పొడుగైనా, బ్రాకెట్టు కింది లైన్లో పడినా ఊరుకోదు. రెండోది ఒక విలువ ఎక్కడ పుట్టింది, ఎవరి చేతులు మారింది, చివరికి ఎక్కడ ఖాళీగా తేలుతుంది అని ఓపిగ్గా వెంబడిస్తుంది. మూడోది రెండు సెకన్లలో అంతా చూసేసి, బాగున్నదాన్ని కూడా అనుమానిస్తుంది. హరినాథ్‌కు మూడోది బాగా నచ్చింది. అందులో అతనికి తన పోలికలు కనిపించాయి.

చిక్కంతా రెండోదానితోనే వచ్చింది. సోమవారం రెండు వందల పన్నెండు వార్నింగులు చూపించింది. మంగళవారం నూట అరవై. బుధవారం తొంభై ఏడు. ఈ రోజు నలభై ఒకటి. అంటే నూట డెబ్బై ఒకటి మాయం. కోడ్‌ను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

"సాక్ష్యాలను ఎవడో ఒక్కొక్కటిగా మాయం చేస్తున్నాడు" అన్నాడు హరినాథ్ గొంతు తగ్గించి. "వాడు మన మధ్యనే ఉన్నాడు. టిఫిన్ గోడవైపు తిరిగి తింటున్నాడు."

అంటే ప్రవీణ్‌కుమార్. అందరికంటే ముందు ఆఫీసుకు వచ్చే డెవలపర్. అనుమానానికి అంతకంటే ఏం కావాలి? వేలిముద్రల కోసం హరినాథ్ మంగళవారం కీబోర్డు మీద టాల్కమ్ పౌడర్ చల్లాడు. కీబోర్డు తనదే. నాలుగు కీలు ఇరుక్కుపోయాయి. నిన్న సాయంత్రం ప్రవీణ్‌కుమార్‌ను గుడి దగ్గరి కూరగాయల బండి దాకా రహస్యంగా వెంబడించాడు. నిందితుడు రెండు కొత్తిమీర కట్టలు కొని, వెనక్కి తిరిగి, "ఒకటి నీకు కావాల్నా అన్నా?" అని అడిగాడు. ఆ కట్ట ఇప్పుడు హరినాథ్ ఇంట్లో ఫ్రిజ్‌లో ఉంది.

"అన్నా, నీ దండం బెడ్త. మూడు టూళ్లల్ల ఏది మంచిదో గది జెప్పు. నాకు తప్పు దొరకాలె" అంది యామిని. ఆమె కళ్ల కింద నల్లగా ఉంది. హరినాథ్‌కు ఒక్క క్షణం సిగ్గేసింది. కాని డిటెక్టివ్‌లు ఆ క్షణాన్ని దాటేయడంలో ఆరితేరి ఉంటారు.

పదకొండు గంటలకు తేజస్విని వచ్చింది. ప్రతి ముఖమూ తనకు కనిపించేలా హరినాథ్ కుర్చీలు గుండ్రంగా వేయించాడు. యజమానికి గౌరవంగా గోడకున్న టీవీ కిందే, టీవీకి వీపు పెట్టి కుర్చీ వేశాడు. నరసరాజు చాయ్ గ్లాసు, తన లాప్‌టాప్ ముందు పెట్టుకుని కూర్చున్నారు. బల్ల మీద అలాంటిదే ఇంకో నల్ల లాప్‌టాప్ హరినాథ్‌ది. హరినాథ్ ఎవరివైపూ చూడకుండా, ఒక్క విసురుతో టీవీ వైరు తీసుకుని గుచ్చాడు. గుచ్చింది నరసరాజు లాప్‌టాప్‌కి.

"మిత్రులారా!" హరినాథ్ టీవీకి వీపు పెట్టి చేతులు కట్టుకున్నాడు. "మొదటి టూలు చాదస్తం. రెండోది మాట మీద నిలబడదు, దాన్ని తీసేద్దాం. మూడోది నా మనిషి. కాని అసలు ప్రశ్న వేరు. వార్నింగులు మింగుతున్నదెవరు? ఆ చెయ్యి... ఈ గదిలోనే ఉంది!"

ఎవరూ అతని వైపు చూడటం లేదు. అందరూ టీవీ వైపు చూస్తున్నారు. తన మాటలకు మంత్రముగ్ధులయ్యారనుకున్నాడు హరినాథ్.

టీవీలో ఒక బాణం గుర్తు తీరిగ్గా కదులుతోంది. ఎర్రటి వార్నింగు దగ్గర ఆగుతోంది. ‘ఇగ్నోర్’ మీద నొక్కుతోంది. వార్నింగు మాయం. ఇంకోటి. అదీ మాయం. నరసరాజు చాయ్ ఒక గుటక వేసి మళ్లీ నొక్కారు.

"ప్రవీణ్‌కుమార్! లేచి నిలబడు!" అన్నాడు హరినాథ్.

"ఆగుండ్రి సార్!" యామిని కుర్చీలోంచి ఎగిరి లేచింది. "గది నొక్కకుండ్రి! గదే!"

టీవీలో ఉన్న వార్నింగు ఇది: స్టాపు పేరు ఖాళీగా వస్తే ఈ లైను దగ్గర యాప్ ఆగిపోతుంది.

"చిట్కుల్‌ల రోడ్డు తవ్వుతున్నరని పోయిన వారం ఆ స్టాపు పేరు తీసేసిన్రు" అంది యామిని, మాట తడబడుతూ. "పేరు లేకుంటే నా కోడు ఆడ్నే ఆగుతది. పాత స్క్రీనే కనబడ్తది. గందుకే వాళ్లకు బస్సు రానట్టే సూపిచ్చింది."

నరసరాజు తల తిప్పి టీవీ చూశారు. తర్వాత తన చేతిని చూసుకున్నారు.

"నేను ఆపుతున్నది అలారం కదమ్మా?" అన్నారు బిక్కమొహంతో. "ముప్ఫయ్యేళ్లు ఫ్యాక్టరీ కంట్రోల్ రూములో చేశాను. హారన్ మోగితే ముందు బటన్ నొక్కి ఊరుకోబెట్టాలి. చూశానని అర్థం. ఆ తర్వాత మనిషి వెళ్లి బాగుచేస్తాడు. ఈ జాబితా హరినాథ్‌కూ నాకూ మాత్రమే వస్తుంది కదా, రోజూ చాయ్ తాగుతూ అదే చేస్తున్నాను."

"ఆ తర్వాత పోయే మనిషిని నేనే సార్" అంది యామిని. "నాకు హారనే ఇనబడలే."

నరసరాజు లేచి నిలబడ్డారు. "నిన్ను పంపించేద్దామనుకున్నానమ్మా. తప్పు నాది" అన్నారు అందరి ముందూ. యామిని కళ్లు తుడుచుకుని, వెంటనే కూర్చుని కోడ్ తెరిచింది. ఇరవై నిమిషాల్లో తేజస్విని ఫోన్లో చిట్కుల్ బస్సు కదిలింది.

"తప్పు పట్టుకున్నది ఎవరని రిపోర్టులో రాయమంటారు?" అంది తేజస్విని పెన్ను తీసి.

హరినాథ్ ఛాతీ ఉబ్బింది. ఉబ్బిన ఛాతీతో యామిని ముఖం చూశాడు. గాలంతా దిగిపోయింది.

"రెండో టూలు సోమవారమే పట్టింది మేడమ్" అన్నాడు. "సారు దాని నోరు మూసిండు. నేను దాన్నే తీసేద్దామన్న. వైరు పెట్టింది నేనే, అదీ తప్పుగ పెట్టిన. సదివింది యామిని. ఆమె పేరు రాయుండ్రి."

తేజస్విని నవ్వు ఆపుకుంటూ రాసుకుంది. రెండో టూలే ఉంచమంది. ఇగ్నోర్ నొక్కే అధికారం ఇకపై యామిని ఒక్కదానికే ఉండాలని షరతు పెట్టి వెళ్లింది.

యామిని మొదట చేసిన పని, నొక్కినవన్నీ వెనక్కి తేవడం. రెండు వందల పైచిలుకు వార్నింగులు ఒక్కసారిగా ఎర్రగా తెర నింపాయి. ఆమె వాటిని చూసి వారం తర్వాత మొదటిసారి నవ్వింది.

"ఇవన్నీ సరిజెయ్యడానికి ఎన్ని రోజులు పడ్తది?" అని హరినాథ్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"నువ్వు సాయం జెయ్యకుంటే రెండు రోజులు అన్నా."