తాళాలాయన పెట్టిన రూలు

ఆ ఉదయం ఇంట్లో అనుకున్నది చాలా చిన్న పని. భార్యకు ఆఫీసులో మీటింగు ఉంది కాబట్టి కూతుర్ని బడి నుంచి తాళాలాయనే తీసుకురావాలి. బజార్లో తాళాల షాపు నడిపే ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. ఇంటికి తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి లాగి చూసుకునే మనిషి.

పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు రోజురోజుకీ ఎక్కువైపోతున్నారని ఆయనకు గట్టి నమ్మకం. పొద్దున్నే ఫోన్లో వచ్చే వీడియోలు ఆ నమ్మకానికి నీళ్లు పోసి పెంచుతుంటాయి. అందుకే ఇంట్లో ఒక రూలు పెట్టాడు. వారానికో రహస్యపు మాట. బడికి ఎవరొచ్చినా సరే, ఆ మాట చెప్తేనే కూతురు కదలాలి. చెప్పలేకపోతే, దేవుడే దిగొచ్చినా "నాకు తెలీదు" అనాలి. ఆ పూట టిఫిన్ దగ్గర తల్లీకూతుళ్లు కొత్త మాట ఖాయం చేశారు. ఆయన వీడియోలోంచి తల ఎత్తకుండానే "బావుంది" అన్నాడు.

సాయంత్రం గేటు దగ్గర "రా తల్లీ, పోదాం" అని చెయ్యి చాచాడు.

కూతురు బ్యాగు సర్దుకుని నిలబడింది. "మాట చెప్పు."

"గొడుగు."

"అది పోయిన వారంది."

"నేనేనే, మీ నాన్నని!"

"అలాగే అంటారని మా నాన్న ముందే చెప్పాడు."

వాచ్‌మన్ చెవులు నిక్కబొడుచుకున్నాడు. రోజూ తల్లే వస్తుంది కాబట్టి ఈయన మొహం అతనికి కొత్త. కంగారులో తాళాలాయన జేబులోంచి చాక్లెట్ తీశాడు. ఆయన అందరికీ పంపే వీడియోల్లో దొంగ చేసే మొదటి పని అదే. పిల్ల వెనక్కి జరిగింది. ఈయన పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. అది రెండో పని.

"పాపా, ఈయన నీకు తెలుసా?" అన్నాడు వాచ్‌మన్.

"నాకు తెలీదు" అంది కూతురు, తు.చ. తప్పకుండా.

కాలర్ వాచ్‌మన్ చేతికి చిక్కింది. పిల్లల కోసం వచ్చిన తల్లులు చుట్టుముట్టారు. ఎవరో ఫోటో కూడా తీశారు. భార్యకు చేద్దామంటే, పొద్దుట్నుంచీ వీడియోలు మోసిన ఫోన్ చచ్చి ఊరుకుంది. వాచ్‌మన్ ఫోన్ నుంచి చేస్తే ఆవిడ ఎత్తలేదు. తెలియని నంబర్లు ఎత్తకూడదన్నదీ ఆయన రూలే. అప్పుడు నిజంగా భయమేసింది. తన్నులు తినడం ఒక ఎత్తు, కూతురు చూస్తుండగా తినడం ఒక ఎత్తు.

చుట్టుముట్టినవాళ్ల చేతులు లేచేలోపే, ఎవరో పిలిచిన కానిస్టేబుల్ వచ్చాడు. బడి నంబర్ నుంచి టీచరమ్మ చేస్తే భార్య ఎత్తింది, పరుగున వచ్చింది, గేటు బయటినుంచే "జిరాఫీ!" అని అరిచింది.

కూతురు వెంటనే తండ్రిని వాటేసుకుంది. "హమ్మయ్య! ఇక పోదాం నాన్నా."

"మీ ముందే కదండీ పెట్టాం! బావుందన్నారు కూడా" అంది భార్య.

ఆయన కాలర్ సర్దుకుంటూ కానిస్టేబుల్ని అడిగాడు. "చూశారుగా, జనం ఎంత భయపడుతున్నారో! ఈ ఎత్తుకుపోవడాలు బాగా ఎక్కువయ్యాయి కదండీ?"

"నేనీ స్టేషన్‌కొచ్చాక ముక్కూమొహం తెలీనివాడు పిల్లల్ని ఎత్తుకుపోయిన కేసు ఒక్కటీ చూళ్లేదండీ. నాన్నల్ని పట్టుకున్న కేసులు మాత్రం ఈ మధ్య బాగా ఎక్కువయ్యాయి."

ఇంటికొచ్చి ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టాడో లేదో, బావమరిది నుంచి మెసేజ్. 'జాగ్రత్త! బడి దగ్గర పిల్లని ఎత్తుకుపోతూ ఒకడు దొరికాడు. ఫోటో చూడండి. అందరికీ పంపండి.'

ఆ ఫోటో తెరుచుకునేలోపే, అలవాటైన వేలు దాన్ని చుట్టాలందరికీ పంపేసింది.