పళ్ళాయన

ఆ ఉదయం రిటైర్డు హెడ్మాస్టరుగారికి కూతురు ఒకే ఒక్క షరతు పెట్టింది. పది గంటలకు తాను పెళ్ళి చేసుకోదలచిన పళ్ళ డాక్టరు వస్తాడు. చూడగానే ఆయన తీర్పు చెప్పకూడదు. ఇంతకుముందు ఒకణ్ణి తల దువ్వుకోలేదనీ, ఇంకొకణ్ణి నవ్వు ఎక్కువైందనీ గుమ్మంలోంచే పంపేసిన ఘనత ఆయనది. "ఈసారి తరిమేస్తే మీతో మాట్లాడను నాన్నా," అని, పళ్ళు తెచ్చే కొట్టాయనను పెరటి గుమ్మానికి పంపమని చెప్పి స్నానానికి వెళ్ళింది.

ఆయన మండిపడుతూ, బనీను మీదే గేటు దగ్గర కర్రతో ఎండుటాకులు తోస్తున్నారు. తొమ్మిదిన్నరకే ఒకడు ఆగిపోయిన స్కూటరు నెట్టుకుంటూ వచ్చాడు. చెమటకు తడిసిన చొక్కా, బురద చెప్పులు. "లోపల చెప్పు, పళ్ళ..." అన్నాడో లేదో, ఆ ఏకవచనానికి హెడ్మాస్టరుగారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"పళ్ళైతే పెరటి గుమ్మానికి పో."

అతను గొణుక్కుంటూ అటు నడిచాడు. ఆ తలుపుకు లోపల గడియ ఉందని ఆయనకు తెలుసు. కాసేపు ఎండలో నిలబడితే మర్యాద దానంతటదే వస్తుందని తీయలేదు.

పదింటికి ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లతో మరొకాయన వచ్చి నమస్కారం పెట్టాడు. చూడగానే హెడ్మాస్టరుగారి మనసు వెన్నయింది. సోఫాలో కూర్చోబెట్టి, రోజుకు ఎన్ని పళ్ళు చూస్తారని అడిగారు.

"లెక్కెక్కడండీ. పుచ్చినవి మాత్రం పొద్దున్నే తీసేస్తాను. ఒకటుంటే పక్కవీ పాడవుతాయి."

"నొప్పి తెలియకుండానా?"

"పళ్ళకు నొప్పేమిటండీ."

ఎంత ధీమా అని ఆయన మురిసిపోయారు. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగారు.

"మా ఆవిడ, ఇద్దరు పిల్లలండి. ఇవాళ వాళ్ళ బడి వార్షికోత్సవం, ఇటునుంచి అక్కడికే వెళ్తున్నా. బండి మీది బుట్ట ఎక్కడ దించమంటారు?"

బుట్ట సంగతి ఆయన చెవికెక్కలేదు. పెళ్ళైనవాడా అంటూ అతని కాలరు పట్టుకుని కూతుర్ని కేకేశారు. ఆమె తడిజుట్టుతో పరుగెత్తుకొచ్చి, ఆయన పళ్ళ కొట్టాయన అని చెప్పి చెయ్యి విడిపించింది. పెరటి తలుపు దబదబా మోగింది. వెళ్ళి తీసింది.

ఎండకు కందిపోయిన డాక్టరు నేరుగా హాల్లోకొచ్చి హెడ్మాస్టరుగారి మీదికి వేలు చూపించాడు. "ముందు ఈ వాచ్‌మన్‌ని పనిలోంచి తీసేయ్. మొహం చూడగానే తెలిసింది, ఒట్టి మొండిఘటమని."

"ఆయన మా నాన్న."

"బనీనుతో, కర్రతో ఉంటే ఎవరైనా అదే అనుకుంటారు."

"బురద కాళ్ళతో వస్తే ఎవరైనా అంతే అనుకుంటారు," అని హెడ్మాస్టరుగారూ వేలెత్తారు.

ఇద్దరిలో ఏ ఒక్కరూ క్షమించమనలేదు. కొట్టాయనే నలిగిన కాలరు సర్దుకుని, ఆమెకు గ్లాసుతో మంచినీళ్ళు అందించాడు.

ఆమె తాగి, డాక్టరును అడిగింది. "నిజంగా వాచ్‌మనే అయితే అలా మాట్లాడొచ్చా?"

ఆమె వీధి తలుపు తెరిచింది. "ఇలాంటాయన ఇంట్లో ఒకరున్నారు. రెండో మనిషికి చోటు లేదు. వెళ్ళిరండి."

డాక్టరు తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు. హెడ్మాస్టరుగారు ఆ తలుపు వంక చూశారు.

"నాకైతే నచ్చాడు," అన్నారు.