బ్రహ్మా పుంజు వేలంపాట

"మీరు మొక్కుకున్ననాటికి ఇది గుడ్డు కూడా కాదు కదండీ, అత్తయ్యగారూ," అంది నాగమణి, ఆ ఉదయానికి మూడోసారి.

"దొడ్లో అన్నిటికంటే పెద్ద పుంజునిస్తానన్నాను. ఆ ఎర్ర పుంజునని అన్లేదు. అంత కొండని ఇంట్లో దాచుకుని పిచ్చికని పంపితే దేవుడికి కనపడదనుకున్నావా?" అన్నారు సుందరమ్మగారు.

కొండ అనడంలో అబద్ధమేమీ లేదు. బెంగుళూరులో పనిచేసే నాగమణి అన్నగారు తవుడులో పెట్టి తెచ్చిన బ్రహ్మా జాతి గుడ్లని నాటు పెట్ట కింద పొదగేస్తే రెండే పిల్లలయ్యాయి: ఒక పుంజు, ఒక పెట్ట. నాలుగు నెలలు తిరిగేసరికి అవి తల్లికి రెండింతలయ్యాయి. అయినా చీకటి పడితే దాని రెక్కల కింద దూరబోయేవి. తల్లి గాల్లోకి లేచేది. ఇప్పుడా పుంజు దొడ్లో నడుస్తుంటే కుక్క లేచి దారిస్తుంది. గోళ్ల దాకా ఈకలు, మెడ మీద వెండి జరీ కండువా వేసినట్టు నిగనిగ. రాజోలు తాలూకాలో ఇలాంటిది మరొకటి లేదు. ఇది పోతే పెట్ట పెట్టే గుడ్లు అట్లకే తప్ప ఆ జాతి పిల్లల్ని పొదిగించడానికి పనికిరావు. నాగమణి గుబులంతా అదే.

"ఎర్రదాన్నే ఇద్దామమ్మా. మొక్కుకున్న రోజున్నదే లెక్కని పాస్టరుగారే అన్నారు," అని తీర్పు చెప్పాడు ఆమె భర్త, బడిపంతులు ప్రకాశరావు.

మర్నాడే గుడిలో కోతపండుగ, మొక్కులన్నీ బల్ల ముందు పెట్టే రోజు. ముందు రాత్రే నాగమణి ఎర్ర పుంజుని వసారాలో ఒక గంప కింద కప్పింది. అత్తగారి కంట పడకుండా బ్రహ్మా పుంజుని పెరటి గోడ వారన మరో గంప కింద కప్పింది. తెల్లవారుజామున ప్రకాశరావు వెళ్లేసరికి వసారాలో గంప పక్కకు ఒరిగి ఉంది. కింద ఏమీ లేదు. గోడ వారన గంప కనిపిస్తే, నాగమణి ఎర్రదాన్ని అక్కడికి మార్చిందనుకున్నాడు. కోడి పొడుస్తుందని ఆయనకు చిన్నప్పటి నుంచీ భయం. గంప ఎత్తి చూడకుండానే కిందకు పళ్లెం తోసి, పైన తువ్వాలు బిగించి సైకిలెక్కాడు. 'ఎర్రది ఒళ్లు చేసిందే,' అనుకున్నాడు దారంతా.

ఎర్ర పుంజు దొడ్లో ధాన్యం దగ్గర కనబడేసరికి నాగమణి గోడ వారకు వెళ్లి చూసింది, గంప లేదు. చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి గుడికి పరుగెత్తింది.

అప్పటికే సంఘ పెద్ద ఏసుదాసుగారు బల్ల ముందు గంప ఎత్తారు. అరటి గెలల మధ్య, కొత్త వరి కంకుల మధ్య పుంజు మెల్లగా నిలబడింది. నిలబడుతూనే ఉన్నట్టనిపించింది. పాట ఆగిపోయింది. వెనక వరసల వాళ్లు లేచి నిలబడ్డారు. ఎవరో చేతులు జోడించారు.

"ఎవరింటిదండీ ఇది?" అన్నారు పాస్టరుగారు.

ప్రకాశరావు చూపు ఆడవాళ్ల వైపు వెళ్లి, గుమ్మంలో నిలబడ్డ భార్య చూపుకి తగిలింది. "నాకు తెలీదండి," అన్నాడు.

పుంజు కూసింది. అంత గంభీరమైన కూత ఆ గుడిలో ఎవరూ వినలేదు. కోడి కూసేలోగా ఏసుని ఎరగనన్న పేతురు సంగతి పాస్టరుగారు ఎత్తలేదు. సంఘమంతా మాత్రం ప్రకాశరావు వైపే తిరిగింది.

బల్ల ముందు పెట్టింది దేవుడిదే. మళ్లీ ఇంటికి రావాలంటే వేలంలో పాడుకోవాల్సిందే. ఆ గుడిలో డబ్బుకి బదులు కొబ్బరికాయలిస్తామని కూడా పాడొచ్చు. బస్టాండులో హోటలు పెట్టుకున్న నూకరాజు అందరికంటే ముందు వచ్చి పుంజు రొమ్ము నొక్కి చూశాడు.

ముందు వరస చాప మీద కూర్చున్న సుందరమ్మగారికి కళ్లు చెమర్చాయి. తన మాట నిలబెట్టడానికి కోడలు ప్రాణంలాంటి పుంజునే పంపేసిందనుకున్నారామె. అలాంటిది పలావులోకి పోతుందా? చెయ్యెత్తారు. గుమ్మం దగ్గర నుంచి నాగమణి చెయ్యెత్తింది. స్తంభం వెనక నుంచి ప్రకాశరావు, చేసిన తప్పు దిద్దుకోవడానికి, చెయ్యెత్తాడు. ఒకరికొకరు కనబడలేదు. ఏసుదాసుగారికి ముగ్గురూ కనబడుతున్నారు. గుడి పైకప్పు కారుతోంది కాబట్టి ఆయన ఏమీ అనలేదు.

"మరో వంద కాయలు... ఆయ్, మరో వంద..." అంటూ పాట పెంచుతూ పోయారు.

నూకరాజు ఎప్పుడో దండం పెట్టి కూర్చున్నాడు. పాట ఆగలేదు. చివరికి సుందరమ్మగారు లేచి, "మా దొడ్డిలో ఈ దింపుకి దిగే కాయలు మొత్తం," అన్నారు. అప్పుడు వెనక్కి తిరిగి చూశారు. కోడలి చెయ్యి ఇంకా పైనే ఉంది. స్తంభం పక్క నుంచి కొడుకు చెయ్యి కూడా.

ముగ్గురూ పాడింది ఒకే దొడ్డి కాయలు.

ఇంటికి వచ్చేటప్పుడు రిక్షాలో పుంజు సుందరమ్మగారి ఒళ్లో కూర్చుంది. "దీని గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందే నాగమణీ. మనిషికి కొట్టుకున్నట్టే," అన్నారామె.

సాయంత్రం ప్రార్థన అయ్యాక అందరూ ఉండగా సుందరమ్మగారు మెల్లగా చెప్పారు: "పుంజు ఇంట్లోనే ఉంటుంది. వచ్చే దింపు దాకా ఈ ఇంట్లో కొబ్బరి పచ్చడి ఉండదు. వచ్చే ఏడాది నుంచి వేలానికి ఒక్కరమే వెళ్దాం."

ఆ ఒక్కరెవరని ప్రకాశరావు అడగలేదు.