తొలి వల చేప మా గడప దాటిపోయిన సంగతి

ఊరివాళ్లను అడక్కుండా ఊరిని పక్క టౌన్‌లో కలిపేయడాన్ని మించిన మేలు ఈ భూమ్మీద ఇంకొకటి లేదు. ఎవరేమనుకున్నా సరే, గల్ఫ్‌లోని అజ్మాన్‌లో కూర్చుని ఈ మాట నేను గట్టిగా చెబుతున్నాను.

మా ముత్యాలకుంట మొన్నటిదాకా వట్టి పల్లెటూరు. ఒకరోజు పొద్దున లేచేసరికి మున్సిపాలిటీలో వార్డు! ఎవరూ కాలు కదపలేదు. బర్రెలు కూడా కట్టేసిన చోటే ఉన్నాయి. అయినా అందరం టౌన్ వాళ్లమైపోయాం. ఇంత సుఖంగా ఎదిగినవాళ్లను మీరెక్కడైనా చూశారా?

ఇంత మేలు జరిగితే మా ఊరి గంగపుత్రులు ఏం చేశారు? హైకోర్టుకెళ్లారు. చేపలు పట్టుకునేవాళ్లకు హద్దులతో పనేమిటంటారా? చెరువు ఊరిది, అందులో చేపలు పట్టే హక్కు వాళ్ల సంఘానిది. ఊరు టౌన్‌లో కలిస్తే చెరువు మున్సిపాలిటీ చేతికి పోతుంది. అప్పుడిక వలలుండవు, బోటింగ్ ఉంటుంది. గట్టు మీద రంగు లైట్లు, ఒక సెల్ఫీ పాయింట్ కూడా వస్తాయట. చేప పూటకే చెడిపోతుంది, సెల్ఫీ ఎన్నేళ్లయినా చెడదు. ఈ చిన్న సంగతి వాళ్ల బుర్రకెక్కదే!

వాళ్ల వాదన వింటే మీరు నవ్వుతారు. ఏటా తొలి వల వేసిన రోజు పడిన చేపల్ని వాళ్లు అమ్మరు. ఊళ్లో ప్రతి ఇంటికీ పంచుతారు. కులం చూడరు, గొడవలు చూడరు. తలుపుకు తాళం ఉంటే పక్కింట్లో ఇచ్చి పోతారు. మీ ఊరి హద్దు ఏదమ్మా అని వాళ్ల వకీలు అడిగితే, కేసు వేసినవాళ్లలో ఒకరైన సాయవ్వ, "తొలి వల చేప యాడిదాక పోతదో ఆడిదాక మా ఊరు సార్" అందట.

శాటిలైట్ మ్యాపుల కాలంలో ఊరిని చేపతో కొలుస్తారా? పోనీ, ఆ లెక్కే తీసుకుందాం. ఇప్పుడు టౌనంతా మన ఊరే కదా! బస్టాండ్ వెనక అపార్టుమెంట్లకు పంచాలంటే చెరువు ఎండగట్టినా చాలదు. కమిషనర్ గారికి తలకాయ పంపాలా, తోక పంపాలా? ఆయన శాకాహారి అయితే ఏం చేయాలి?

హద్దుల గురించి నాకు చెప్పకండి. నేను పడుకునేది అజ్మాన్‌లో, ఇరుక్కునేది షార్జా ట్రాఫిక్‌లో, పనిచేసేది దుబాయ్‌లో నైఫ్ అనే పేటలోని కార్గో ఆఫీసులో. రోజూ మూడు ఎమిరేట్లు తిరిగే మనిషిని. ఏ హద్దు గీసేటప్పుడైనా నన్నెవరైనా అడిగారా? నేనేమైనా కోర్టుకెళ్లానా? అడక్కపోయినా గమ్మున ఉండటం ఒక విద్య. అది గల్ఫ్‌లో మాకు బాగా అబ్బింది. ఊళ్లోవాళ్లకు ఇంకా రాలేదు.

అందుకే మా ఊరి గల్ఫ్ సంఘం అధ్యక్షుడిగా నా బాధ్యత నేను నెరవేర్చాను. సరిగ్గా చెరువు గట్టు మీదే పెద్ద ఫ్లెక్సీ కట్టించాను. ‘మా ఊరిని మున్సిపాలిటీలో కలిపినందుకు గల్ఫ్ బిడ్డల కృతజ్ఞతలు’ అని రాయించాను. నడుమ నిలువెత్తున నేను, నల్ల కళ్లద్దాలతో. చుట్టూ స్టాంపు సైజులో మిగతావాళ్లు. ఫ్లెక్సీలో ఫొటో వేసేముందు ఎవరినైనా అడుగుతారా ఎక్కడైనా? వాట్సాప్ గ్రూపులో ఉన్న ముఖాలన్నీ తీసి వేయించాను. కింద మూలన పర్శరాములు కూడా వచ్చాడు.

పర్శరాములు ఎవరో కాదు, సాయవ్వ మొగుడే. అబుదాబి దగ్గర మఫ్రఖ్ లేబర్ క్యాంపులో ఉంటూ స్కాఫోల్డింగ్ పని చేస్తాడు. ఇక గల్ఫ్ కొలువు ఖలాస్ చేసుకుని ఇంటికి పోయి, చెరువులో వల వేసుకుని బతకాలని అతని ఆశ. అంతలో ఆ ఫ్లెక్సీ ఫొటో హైకోర్టుకు చేరింది. కేసు వేసినామె మొగుడే కృతజ్ఞతలు చెబుతుంటే ఇక అభ్యంతరం ఎవరికని అవతలి వకీలు అడిగాడట. మా ఊరి ఫ్లెక్సీకి ఇంత గౌరవం దక్కడం ఇదే మొదలు.

సంతోషం చెప్పుకోవడానికే అనుకుంటాను, పర్శరాములు ఫోన్ చేశాడు.

"అన్నా, ఈడ పని చెప్పే ముదీర్ అడగడు, వీసా ఇచ్చిన కఫీల్ అడగడు. సరే, బయటోళ్లం. మనూరోడివి, నువ్వన్న ఒక్క మాట అడగద్దా?"

నేను అభివృద్ధి గురించి ఓపిగ్గా వివరించాను. అంతా విన్నాడు.

"మల్ల చెరువు పోతె, నేను ఇంటికొచ్చి ఏం జెయ్యాలె అన్నా?" అన్నాడు.

అంతలో నాకు వేరే ముఖ్యమైన కాల్ వచ్చింది. రాకపోతే బాగుండేది కాదు.

కేసు ఇంకా నడుస్తూనే ఉంది. ఈలోగా వానలు పడ్డాయి, చెరువు నిండింది, తొలి వల పడింది. ఊళ్లో ఉన్న మా ఆవిడ వాసంతి గిన్నె కడిగి పెట్టుకుని గడపలో కూర్చుందట. పక్కింటికి చేప వచ్చింది. ఎదురింటికి వచ్చింది. తాళం వేసి ఉన్న మల్లేశ్ ఇంటి వాటా కూడా పక్కింట్లో ఇచ్చారు. మా ఇల్లు మాత్రం దాటి వెళ్లిపోయారు. ఇదేమిటని అడిగితే సాయవ్వ నెమ్మదిగా చెప్పిందట.

"ఏమనుకోకు వదినా. తొలి వల చేప ఊరోళ్లకే. మీరు మున్సిపాలిటోళ్లైతిరి గదా."

పాఠకులారా, ఇదెక్కడి న్యాయం? మా తాతల నాటి నుంచీ చేప వచ్చిన ఇల్లది! రాత్రికి రాత్రి ఊరి హద్దు జరిపేసి నా ఇంటిని బయట పెట్టేశారు. నోటీసు లేదు. అభ్యంతరాలకు గడువు లేదు. ఇంటివాణ్ని, బతికే ఉన్నాను కదా, నన్ను ఒక్క మాట అడగొద్దా?

హద్దుల కేసులు బాగా వాదించే వకీలు ఎవరైనా తెలిస్తే చెప్పండి. సాయవ్వ వాళ్ల వకీలైనా సరే.