చిక్కపేట మిక్సీ మహాసంగ్రామము

స్వస్తి! చట్నీ ప్రియులారా, చెవి యొగ్గి వినుడు. భూగర్భమున మెట్రో శకటములు గర్జించుచుండ, భూతలమున చేతిబండ్ల చక్రములు కీచుమనుచుండ, చీరల మూటలు మోయు హమాలీల "పక్కకి, పక్కకి!" యను సింహనాదములు దిక్కులు పిక్కటిల్లజేయుచుండ, బెంగళూరు మహానగర హృదయమైన చిక్కపేటలో, పొడిచెత్త బండి విచ్చేయు ఒకానొక శనివారపు ప్రాతఃకాలమున, చట్నీ నిమిత్తము ఒక ఘోరయుద్ధము సంభవించెను. రాజ్యములు కూలలేదు, కిరీటములు దొర్లలేదు. ఒక వేలు మాత్రము కొంచెము గీసుకొనెను.

ఆ యుద్ధమునకు నాయకుడు రామాంజినప్ప. ఇనుప సామానుల అంగడిలో యౌవనమంతయు ధారవోసి, ఇటీవలనే విశ్రాంతి గైకొన్న స్క్రూశాస్త్ర పారంగతుడు, కటింగ్‌ప్లయర్ ధరుడు. పారవేయదగిన వస్తువు ఈ బ్రహ్మాండమున లేదని ఆయన సిద్ధాంతము. ఆ సిద్ధాంతమునకు సాక్ష్యముగా ఆయన ఇంటి అటకమీద ఒక రేకుపెట్టె కలదు. అందు కూయని కుక్కర్ విజిళ్ళు, పిడి లేని గరిటెలు, మూతలు లేని డబ్బాలు, డబ్బాలు లేని మూతలు కొలువు దీరియుండును. ఆ మూతలలో ఒక్కటియు ఆ డబ్బాలకు సరిపోదు, అది వేరు సంగతి.

ఆయన ధర్మపత్ని నేత్రావతి పాకశాలా సామ్రాజ్ఞి. భర్త బాగుచేసిన ఇస్త్రీపెట్టె శాశ్వతముగా చల్లబడుటయు, గోడగడియారము వెనుకకు నడచుటయు కన్నులార చూచియుండుటచే, ఆమెకు ఆయన పాండిత్యముపై నమ్మకము ఆవగింజంతయు లేదు.

ఇట్లుండగా, ఇడ్లీలు ఆవిరిలో ఉబ్బుచున్న శుభసమయమున మిక్సీ మొరాయించెను. మోటారు గర్జించుచున్నది గాని జారులోని శనగవిత్తనములు ఇసుమంతయు చలింపకున్నవి. జారును మోటారుతో కలుపు కప్లరను నల్లని దంతచక్రము అరిగి నున్ననైపోయెను. కుమార్తె పల్లవి ఫోను చేతబూని పలికెను.

"కొత్తది ఆర్డర్ పెడతా నాయనా. సుమ్నే, ఊరికే ఎందుకు టెన్షన్?"

"ఆగు పాపా! కప్లర్ పోతే మిక్సీనే పారేస్తారా? చెప్పు తెగితే కాలు పారేస్తామా?" అని రామాంజినప్ప గర్జించెను.

అంతట నేత్రావతి గరిటె పైకెత్తి, వంటిల్లు దద్దరిల్లునట్లు శాసనము వెలువరించెను.

"ఇదో చెప్తా ఉండా, విను. చెత్త బండి వచ్చేలోపల ఇది తిరగాల. తిరగలేదంటే మిక్సీ పోతాది, దాంతో పాటు అటక మీద ఉండే నీ రేకుపెట్టె కూడా పోతాది. ఇది ఇల్లనుకున్నావా, పాత సామాన్ల గుజరీ అంగడనుకున్నావా?"

రామాంజినప్పకు నిజముగా భయము వేసెను. అంగడి మానిన నాటినుండి ఆ ఇంట ఆయనను అడుగువారు లేరు. ఏదేని విరిగిననాడే "నాయనా, ఇది చూడు" అని ఒక పిలుపు వచ్చును. ఆ పెట్టె పోయిన యెడల ఆ పిలుపును పోవును. అయినను వీరుడు బెదరుట బయటపెట్టునా? రొమ్ము విరిచి ఇట్లనెను.

"ఏమే! ఇనుములో పుట్టి ఇనుములో పెరిగినోణ్ణి! నా చేతిలో ఊడని స్క్రూ ఈ బెంగళూరులోనే లేదు! తియ్యి పెట్టె!"

పెట్టె అటక దిగెను. రామాంజినప్ప అందు మోచేతి వరకు మునిగి, ఏనాడో ముందుచూపుతో కొనిపెట్టిన కొత్త కప్లరును పైకి తీసెను. పల్లవి నోరు తెరిచెను. నేత్రావతి మాత్రము "ముందు పాతది ఊడనీ" అని దేవుని గదికి పోయెను.

సంగ్రామము మొదలయ్యెను. మిక్సీని పక్కకు పరుండబెట్టి, అడుగున ఇరుసు గాడిలో స్క్రూడ్రైవరును గ్రుచ్చి, పైన కప్లరును ప్లయరుతో బిగబట్టి, వీరుడు ఎడమకు తిప్పెను. కదలలేదు. ఎడమకు తిప్పిన వదులగును, కుడికి తిప్పిన బిగియునని అంగడికి వచ్చిన వారికెల్ల బోధించినవాడాయె, మరల ఎడమకే తిప్పెను. కొబ్బరినూనె పోసి తిప్పెను. వేడినీళ్ళు చల్లి తిప్పెను. వేలు గీసుకొనెను. తిప్పిన కొలదియు ఆ దుష్టచక్రము మరింత బిగిసికొనెను.

"యూట్యూబ్‌లో చూద్దామా నాయనా?"

"స్క్రూ తిప్పేది నాకు ఫోన్ నేర్పిస్తాదా?"

అంతలో వీధి మొదట చెత్తబండి పాట వినవచ్చెను. రామాంజినప్ప పండ్లు బిగించి మరింత బలముగా ఎడమకు తిప్పెను. సరిగ్గా అప్పుడే నేత్రావతి వెంకటరమణస్వామికి ఆరతి ఇచ్చి, పళ్ళెముతో బయటకు వచ్చి, భర్త చేయుచున్న పని చూచి కేకవేసెను.

"అయ్యో, శనివారం పూట ఏందయ్యా ఎడం పక్కకి తిప్పుతా ఉండావు? దేవుడి చుట్టూ అట్లా తిరుగుతామా? ఆరతి అట్లా ఎత్తుతామా? ఇంటికి మంచిది కాదు!"

"ఇది దేవుడు కాదే, కప్లరు!"

"ఏదైతే ఏమి? ఇట్లియ్యి, నువ్వు కింద పట్టుకో."

ఆమె పళ్ళెము పక్కనబెట్టి, ప్లయరు లాగికొని, ప్రదక్షిణము చేయించునట్లు భక్తితో కుడికి తిప్పెను. టక్! కప్లరు ఊడి ఆమె అరచేతిలో పడెను.

మోటారు వేగమునకు ఊడిపోకుండుటకై మిక్సీ కప్లరు మరచుట్లను ఎదురుదిశకు కోయుదురను చిన్న సంగతి, ఇన్నేండ్లు స్క్రూలమ్మిన మన వీరునికి తెలియదు. స్క్రూలు అమ్మినవాడే గాని మిక్సీ విప్పినవాడు కాడు గదా! ఆయన కొత్త కప్లరు చేతబట్టి దిక్కుతోచక నిలిచెను.

"ఇంగ దీన్ని ఎట్ల బిగించేది?"

"ఇంతసేపు ఎడమకే తిప్పితివి కదప్పా, ఇప్పుడు తిప్పు!" అని నేత్రావతి నవ్వెను.

రామాంజినప్ప అంతటి ఉత్సాహముతో తన జీవితమున ఏ స్క్రూనూ బిగించి యుండడు. జారు ఎక్కెను. మీట తిరిగెను. శనగవిత్తనములు, పచ్చిమిరపకాయలు, చింతపండు ఘోరారావముతో నుజ్జునుజ్జయ్యెను. పల్లవి చప్పట్లు కొట్టెను. ఆయన కన్నులు చెమ్మగిల్లెను, మిరపఘాటని చెప్పి తుడుచుకొనెను.

చెత్తబండి గుమ్మము ముందర ఆగెను. బండితో వచ్చు మునివెంకటమ్మ కేకవేసెను. "అక్కా, పొడి చెత్త ఉండాదా?"

పల్లవి అరిగిన కప్లరును తీసుకొని వాకిటికి నడిచెను. నేత్రావతి చటుక్కున ఆమె చేయి పట్టుకొనెను.

"ఇట్లియ్యి పాపా. స్టవ్ కాలు కింద రబ్బరు ఊడిపోయి ఊగుతా ఉండాది." ఆ నల్లచక్రమును స్టవ్ కాలికింద దోపి, ఊపి చూచి, వాకిటివైపు తిరిగి గొంతెత్తి పలికెను. "ఈ పొద్దు ఏమీ లేదు మునివెంకటమ్మా! మా ఇంట్లో అన్నీ పనికొస్తా ఉండాయి."

రామాంజినప్ప రేకుపెట్టెను రెండు చేతులతో ఎత్తుకొని, అటక కింద స్టూలెక్కి, ఆ మాటను మరల ఒకసారి వినవలెనని కాసేపు అట్లే నిలిచెను.

ఇట్లు చిక్కపేట మహాసంగ్రామమున చెత్తబండి వట్టిచేతులతో వెనుదిరిగెను. ఇడ్లీలు కొంచెము చల్లారెను. స్టవ్వు ఊగుట మానెను. జయము! జయము!